ఒద్దన్నా వడ్డించే చిన్నమ్మ

గట్ల గోడ దిక్కు మొకం తిప్పి కూసుంటె ఎట్ల చిన్నమ్మా? మానుకోట నుంచి పెద్దవంగర దాంక ఎండల బండి మీద వచ్చిన. జర ఇటు మర్రు. నీ జితేందర్‌నే, పరాయోన్ని కాదు.

నువ్వు మానుకోటల మన మెస్సు ఇడిసిపెట్టి వచ్చుడు నా వల్లనే, ఒప్పుకుంటాన్న. కని నా బాధ గూడ ఇను. హైదరాబాద్‌ల హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన. అతిథి ఒద్దంటె ఒద్దన్నట్టే, బలవంతం జెయ్యద్దని కాలేజీల సార్లు నెత్తిన గొట్టినట్టు చెప్పిన్రు. మరి నువ్వేం జేసినవ్? మెస్సు తెరిసిన దినమే, తినొచ్చిన మన ఎరుకున్న కనకయ్య సారు చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటాంటె, ఆ చెయ్యి పక్కకు నూకి అన్నం గుమ్మరిస్తివి. ఆయన చేతి ఏళ్ల మీద పప్పు గూడ వోస్తివి.

పాపం, ఆ మనిషి లేవలేక పొద్దుగూకెదాంక మన బెంచీ మీదనే గుర్రు పెట్టిండు. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకే అన్న, నువ్వు పొయ్యి కాన్నే ఉండు, వడ్డించుడు నేను జూస్కుంట అని. గంత మాటకే సంచి సర్దుకొని బస్సెక్కుతవా?

నువ్వు వోయినంక నేనే టై కట్టుకొని నిలవడ్డ. నడుం వంచి, ఇంకొంచెం కావాల్నా అని ఒక్కొక్కల్ని అడిగిన. మనోళ్లు మొహమాటానికి ఒద్దంటరు గద? అనంగనే థాంక్యూ చెప్పి గిన్నె తీస్కపోయిన. అందరు అర్ధాకలితోటి లేసిన్రు.

లేసి యాడికి వోయిన్రనుకున్నవ్? ఎదురుంగ గంగక్క అన్నం బండి కాడికి. ఆమె అడగది, పడేస్తది అంతే. నా కాడ చేతులు కడుక్కొని ఆమె కాడ మళ్ల తినుడు!

కనకయ్య సారైతె మూతి తుడుసుకుంట వచ్చి, "బిడ్డా, మీ ఇంట్ల గీ పిసినారి బుద్ధి ఎవరికి లేకుండె, నీకెట్ల వచ్చింది?" అని అడిగిండు. నవ్వకు చిన్నమ్మా. నాకు ఏడ్పొచ్చింది.

రేపు మిర్చి మార్కెట్‌కు రైతులొస్తరు. వాళ్లు గూడ సగం కడుపుతోటి పోయిన్రనుకో, ఇగ మెస్సుకు తాళమే. నువ్వు రావాలె. ఎవల కంచంల ఎంతన్న వడ్డించు, నేను నోరు మెదప.

ఏంది, లేస్తాన్నవ్? వస్తవా?

ఓ, అన్నం తింటవా అని అడుగుతాన్నవా? ఒద్దులే చిన్నమ్మా, ఇప్పుడే తినొచ్చిన.

అయ్యో, గిన్నె మీద మూత పెట్టినవేంది? నిజంగనే లోపలికి తీస్కపోతాన్నవా? ఆగు, ఆగు. ఒద్దంటె ఊకునే మనిషివా నువ్వు?

నిజం చెప్తాన్న, పొద్దటిసంది ఏం తినలె. నువ్వు వోయిన కాన్నుంచి నన్ను తిట్టి తినవెట్టినోళ్లే లేరు. మెస్సు మూతవడితె వడనీ, రేపటి సంగతి రేపు జూద్దాం. ఆకలైతాంది చిన్నమ్మా, ముందుగాల ఇంత పెట్టు.