పిడికెడు బొచ్చు

కుట్టుమిషను పక్కన పంజరంలో బొచ్చు ముద్దలాంటి చించిల్లా గడ్డిపరక నములుతోంది. ఆమె పెద్ద కత్తెరతో గుడ్డ కత్తిరిస్తోంది. మొగుడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నా బెల్టు కొరికిందెవరే?"

"అదే. పోనీలే, నా వీపుకి నాలుగు రోజులు సెలవు."

"ఎదురు మాటలొకటి! ఏ తల్లి కన్నదో తెలియని ఎలుక!"

"ఎలుక కాదు, చించిల్లా."

"చెత్తకుండీలో దొరికిన దానికి పేరొకటా! నువ్వూ అంతేగా. అనాథాశ్రమం గుమ్మంలో ఎవరో పారేసి పోయారు."

"నన్నేమన్నా అను. దాని జోలికి మాత్రం వెళ్లకు."

"వెళితే ఏం పీకుతావ్? ఇప్పుడే గోడకేసి కొడతా."

అతను లాగిన ఊపుకి పంజరం తలుపు ఊడొచ్చింది. చించిల్లా కీచుమని మిషను కిందికి దూరింది. అతని పిడికిట్లో బూడిదరంగు బొచ్చు మాత్రం మిగిలింది.

"ఇదేంటే, ఇలా ఊడొచ్చింది?"

"గట్టిగా పట్టుకుంటే అంతే. బొచ్చు వదిలేసి ప్రాణం దక్కించుకుంటుంది. దాని జాతి గుణం."

"జాతి గుణమా? నీ జాతేంటో తేలుస్తా, ఉండు!"

జడ పట్టి ఈడ్చాడు. ఆమె నుదురు గది తలుపుకి దభీమని తగిలింది. కళ్లలోకి రక్తం కారింది. కత్తెర మాత్రం చేతిలోంచి జారలేదు.

"పడెయ్ కత్తెర! పొడుస్తావా నన్ను?"

"నిన్నా? ఛీ! నా జాతేంటని కదా అడిగావు?"

కత్తెర కరకరమంది. ఈడుస్తున్నవాడు ఈడుస్తున్నట్టే తెగిన జడతో సహా వెల్లకిలా పడ్డాడు. ఆమె మిషను కిందికి చెయ్యి చాచింది. చించిల్లా తనంతట తానే అరచేతిలోకి ఎక్కింది.

"ఎక్కడికే? జుట్టు కోసుకుని ఎక్కడికి పోతావే?"

"ఆ బొచ్చు నువ్వే ఉంచుకో."