వెనక్కి కట్టుకున్న చేతులు

పందొమ్మిది వందల తొంభై మూడు, జూలై ఐదవ తేదీన మా చిప్పుల కర్మాగారంలో శిక్షణ ఇంజనీరుగా అడుగుపెట్టి, నేడు ఎచింగ్ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మా 'పెద్దమేడమ్' గారిని అభినందించే అవకాశం లభించడం మా విభాగానికి దక్కిన గౌరవం. సిలికాన్ పలకపై అక్కరలేని పొరను వాయువుతో చెక్కివేయడమే ఎచింగ్. కంటికి ఆనని దుమ్ము రేణువొకటి పడినా అక్కడి చిప్పు పనికిరాకుండా పోతుంది.

ఆ రోజుల్లో కొత్త యంత్రంతోపాటు విదేశీ నిపుణుడొకరు విచ్చేసేవారు. నడిపేదీ ఆయనే, బాగుచేసేదీ ఆయనే. మన ఇంజనీర్లు వెనుక నిలబడి చూడవలసిందే. ఆయన విమానమెక్కిన వారానికే యంత్రం మొరాయించింది. "ఇన్నాళ్ళూ ఏం నేర్చుకున్నారమ్మా?" అని మేనేజరు గారు గద్దిస్తే, "ఆయన వీపు ఎలా ఉంటుందో బాగా నేర్చుకున్నాం సార్" అన్నారట మన మేడమ్. ఆ జవాబుకు మెమో వస్తుందని అందరూ అనుకుంటే, యంత్రం విప్పడానికి అనుమతి వచ్చింది. పట్టుబట్టి విప్పారు, బిగించారు, నడిపించారు. అనంతరం విభాగంలో ఒక నియమం పెట్టారు: నేర్పేవారు చేతులు వెనక్కి కట్టుకోవాలి, యంత్రంపై నేర్చుకునేవారి చేతులే ఉండాలి.

సముద్రానికి అవతల కొత్త కర్మాగారాలు వెలసి, మావద్ద ఆరితేరిన ఇంజనీర్లకు గాలం వేయసాగిన కాలంలో ఆ నియమమే మమ్మల్ని నిలబెట్టింది. వెళ్ళేవారిని ఒప్పందాలతో కట్టిపడేయాలని యాజమాన్యం తలపోస్తే, "పిలిచేవాళ్ళు పిలుస్తూనే ఉంటారు సార్. వెళ్ళేలోపు ఇంకొకరికి నేర్పి వెళ్ళమనండి, చాలు" అని మేడమ్ తేల్చిచెప్పారు. పిలుపు వారికీ వచ్చింది. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "వాళ్ళకి నా చేతులు కావాలట. నేర్పుతానంటే మాట దాటేశారు" అని నవ్వేశారు.

గత మాసంలో ఆ నియమానికి అసలు పరీక్ష ఎదురైంది. మా పాత కొనుగోలుదారు సంస్థ ఒకే రకం చిప్పును, ఒకే గడువులో, మాచేతా, విదేశీ పోటీదారుచేతా చేయించి, మెరుగైనవారికే ఆర్డరు ఇస్తానంది. ఓడితే మా ఉత్పత్తి లైను మూతపడుతుంది. మీట వద్ద మేడమ్ గారి శిష్యురాలు. వెనుక మేడమ్, డైరెక్టరు గారు. పలకలను చెక్కే మొదటి ఛాంబరులో పని సగం పూర్తయ్యేసరికి తెరపై వాయు పీడనం ఊగిసలాడింది. డైరెక్టరు గారు గభాలున మేడమ్ వైపు తిరిగారు.

"మేడమ్, మీరు చూడండి!"

మేడమ్ కదలలేదు. వెనక్కి కట్టుకున్న చేతుల వేళ్ళు మాత్రం ఒకదానినొకటి నలిపేసుకుంటున్నాయి.

"నన్ను చూడకమ్మాయ్, తెర చూడు. ఏం చేస్తావు?"

"ఆపేస్తాను మేడమ్. మిగతావి రెండో ఛాంబర్లోకి మారుస్తాను."

"ఇప్పుడాపితే గడువు దాటిపోదూ?" అన్నారు డైరెక్టరు గారు.

"దాటదు సార్. రెండోది సిద్ధంగానే పెట్టుకున్నాను."

మేడమ్ తలూపారు. పని గడువులోపే ముగిసింది. ఆర్డరు మాకే వచ్చింది. మొదటి ఛాంబరు విప్పి చూస్తే, వాల్వు సీలు చిట్లి పొడి రాలుతోంది. ఆ పొడిని చూసి మేడమ్ అందరి ఎదుటా అన్నారు: "నేనైతే వాల్వు సర్ది నడిపించేసేదాన్ని. నా చెయ్యి పడుంటే పలకలన్నీ బూడిదయ్యేవి. ఈ పిల్ల పద్ధతే మేలు." ఆ మాట అంటున్నప్పుడు వారి ముఖంలో కనిపించినంత సంతోషం ఏ పదోన్నతి నాడూ మేము చూడలేదు.

మా కర్మాగార పత్రిక ఈ వీడ్కోలు సంచికకు నాలుగు మాటలు చెప్పమని వారి భర్తగారిని కోరితే, "పెళ్ళైన కొత్తలో నాకు వంట నేర్పిందండీ, చేతులు వెనక్కి కట్టుకుని. అప్పట్నుంచి వండేది నేనే!" అని వాపోయారు.

మేడమ్ గారు ఆయురారోగ్యాలు వెన్నంటి రాగా, మనవరాలిని ఆ చేతులారా ఎత్తుకుని, వీలైతే వంటింట్లోనూ ఒక చెయ్యి వేసి, చిరకాలం సుఖంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. లైను గురించి మీకు బెంగ వద్దు మేడమ్. రేపు ఉదయం కొత్త ఇంజనీరు మీట పట్టుకునేటప్పుడు, మీ శిష్యురాలు వెనుక నిలబడి ఉంటుంది, చేతులు వెనక్కి కట్టుకుని.