అన్నయ్య కారుకి సరిపడని పంపులు

కాస్త ఇటు జరగవయ్యా టైలరూ, బెంచీ నీ ఒక్కడి కొలతకే చేయించారా ఏంటి. అక్కా, నా టీలో చక్కెర తక్కువ. బాబాయ్, నువ్వు కూడా స్పేర్ పార్టుల కొట్టు వదిలేసి వచ్చి కూచున్నావా, మంచిదే, ముప్ఫై ఏళ్లుగా ఆ వ్యాపారంలో ఉన్నవాడివి, నేను చెప్పేదాంట్లో తేడా ఉంటే నువ్వే పట్టుకోవచ్చు. మీరంతా అడగబోయేది నాకు తెలుసు. అన్నయ్య పోయి ఇరవై రెండు రోజులైంది, సాయంత్రం నాలుగింటికి తుక్కువాడు బండేసుకుని వస్తున్నాడు, ఆయన కారు సంగతి ఏం చేశావు అని. వదిన నిన్న మళ్లీ చెప్పింది. "స్టార్ట్ చేసి చూపించు, ఉంచేసుకుంటా. లేదంటే పొద్దున్నే తలుపు తీయగానే దాన్నలా చూడటం నా వల్ల కాదు, పట్టుకుపొమ్మంటా" అంది.

"ఇంతకీ దానికి పంపు దొరికిందా లేదా?"

తొందరపడకు టైలరూ, దొరకడం వెనక పెద్ద కథే ఉంది. మొదట్నుంచీ చెబితేగానీ అర్థం కాదు. అన్నయ్యా నేనూ తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు కదా. ఆయన రిటైరైన రోజున ఆఫీసులో మీటింగు పెడితే నేను మైకు పుచ్చుకుని, ఈయనకి డ్రైవింగ్ నేర్పింది నేనే అని మొదలుపెట్టి, కళ్లకి గంతలు కట్టి కొండ రోడ్డు ఎక్కించా అనే దాకా పోయా. నా సంగతి తెలుసుగా, ఊరికే టాప్‌గేరు అని పేరు పెట్టారా మీరు. ఆయన అందరి ముందూ "ఇక నోరు మూసుకోరా" అన్నాడు. అంతే, మా ఇంటికీ ఆయనింటికీ మధ్య ఉన్నవి రెండే వీధులు, ఆ రెండు వీధులూ తొమ్మిదేళ్లు దాటలేదు నేను. తర్వాత ఒకరోజు మార్కెట్ మలుపులో ఆ లేతపచ్చ కారు ఆగిపోయి కనబడింది. నాన్న కొన్న కారు, ముప్ఫై ఆరేళ్లది. అన్నయ్య బానెట్ ఎత్తి చూస్తున్నాడు, వెనక ఒకటే హారన్లు. నేను వెళ్లి పక్కన నిలబడి "పంపు పోయింది" అన్నా. ఆయన తలెత్తకుండా "తెలుసు" అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత మా ఇద్దరి మొదటి మాటలు అవే. ఇందులో ఒక్క ముక్క కూడా కోత లేదు, ఒట్టు.

"ఒక్క ముక్క కూడానా?"

నవ్వకక్కా. సరే, బానెట్ దాకా వెళ్లక్కర్లేకుండానే కనిపెట్టా, అది మాత్రం చెప్పాలి కదా. మంగలి షాపులో గడ్డానికి నురగ పెట్టించుకుని కూచున్నా, అక్కడికే వినబడింది. ఫ్యూయల్ పంపంటే ఏంటనుకున్నావు, ట్యాంకులో పెట్రోలు లాగి ఇంజిన్‌కి అందించేది. పాత కార్లలో అది ఇంజిన్ పక్కనే బిగించి ఉంటుంది, గుప్పెడంత ఉంటుంది. దాని లోపల రబ్బరు పొర చిరిగితే ఒక రకంగా చప్పుడు చేస్తుంది, అది వినే చెవి ఈ ఊళ్లో నాకొక్కడికే ఉంది.

కొత్తది వెతికి పెడతానని మాటిచ్చా. పాత కారుకి పంపు ఏరడమంటే నువ్వు గుడ్డకి మ్యాచింగ్ దారం తీసినట్టు కాదు టైలరూ. కారు పేరు చెబితే చాలదు, ఏడు చెబితే చాలదు, ఆ ఒక్క ఏడాదిలోనే సగం కార్లకి ఒక పంపు, సగం కార్లకి ఇంకో పంపు వేశారు. ఇంజిన్ నంబరు చూడాలి. ఎంత ఒత్తిడితో పెట్రోలు తోస్తుందో చూడాలి. ఇంజిన్ లోపలికి వెళ్లే మీట వంకరగా ఉందా తిన్నగా ఉందా చూడాలి. కింద ఎంత మందం ప్యాకింగ్ వెయ్యాలో చూడాలి. ఏది తప్పినా అంతే సంగతులు. నమ్మవా, బాబాయ్‌ని అడుగు.

"అంతవరకూ నిజమే."

విన్నావుగా. మొదటి ఆదివారం ఒక పంపు పట్టుకెళ్లా. అది కొత్త కార్లది, ఒత్తిడి పది రెట్లుంటుంది. వదిన టీ ఇచ్చింది, అన్నయ్య గోనెపట్టా పరిచి కింద పడుకుని బిగించాడు, నేను రెంచీ అందించా. స్టార్ట్ చేస్తే ఆ తర్వాత ఏమైందో తెలుసా? కార్బురేటర్ పొంగిపోయింది, సరే, అది మామూలే. కానీ ఆ పంపు ఊరుకుందా? ట్యాంకంతా తాగేసింది, ఇంకా ఇంకా అని లాగితే ఇనప ట్యాంకు పిండేసిన నిమ్మచెక్కలా అయింది. అప్పటికీ ఆగలేదు. పక్కింటి స్కూటర్‌లో పెట్రోలు లాగేసింది, వీధి చివర బంకులో మీటరు వెనక్కి తిరగడం మొదలెట్టింది, బంకువాడు నెత్తీ నోరూ కొట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"మా చెవుల్లో పూలేమైనా కనబడుతున్నాయా?"

కావాలంటే బంకువాడిని అడుగు టైలరూ, కాకపోతే వాడికి బదిలీ అయిపోయింది. అన్నయ్య చేతులు తుడుచుకుంటూ "ఇది కాదురా చిన్నోడా" అన్నాడు. నాకు యాభై నాలుగేళ్లు, నన్ను చిన్నోడా అని పిలిచే మనిషి ఆయనొక్కడే. "వచ్చే ఆదివారం ఇంకోటి పట్రా" అన్నాడు.

రెండో ఆదివారం తెచ్చినదానికి మీట అరంగుళం పొడవెక్కువ. లోపల షాఫ్ట్ తిరిగినప్పుడల్లా ఆ మీటని నెడుతుంది కదా, నెట్టేసరికి కారు గెంతింది. ఎంతనుకున్నారు, జానెడా, మూరెడా? ప్రహరీ గోడ ఎక్కి కూచుంది. నాలుగు చక్రాలూ గాల్లో. దించడానికి మనుషులు దొరక్క మూడు రోజులు అక్కడే ఉంటే వదిన దాని మీద దుప్పట్లు ఆరేసుకుంది. మూడోదాని గొట్టాలు తిరగబడి ఉన్నాయి, కారు తాగాల్సింది పోయి కక్కడం మొదలెట్టింది, నాన్న ముప్ఫై ఆరేళ్ల కింద పోయించిన పెట్రోలు కూడా వెనక్కి వచ్చేసింది. వాసన చూసి అన్నయ్య, అవునురా, అప్పటి పెట్రోలు ఇలాగే ఉండేది, అన్నాడు.

"ఆయన అలా అన్నాడా? ఆయన పరాచికాలాడే మనిషి కాదే."

ఆయనే అన్నాడక్కా. నేను చెబుతూ ఉంటే కారు కింద పడుకుని, మొహం నాకు కనబడకుండా, అలాంటివి మధ్యమధ్యలో అందించేవాడు. నాకూ ఆశ్చర్యమే. సరే, అలా పద్నాలుగు ఆదివారాలు, పద్నాలుగు పంపులు. ప్రతిసారీ ఇది కాదురా చిన్నోడా, వచ్చేవారం పట్రా. ఈ ఊళ్లో లాభం లేదని నేను ఓడరేవుకి పోయా. అక్కడ పాత కార్ల కుప్పుంటుంది, పై కార్ల మీద మంచు పడుతుంది, అంతెత్తు. ఎక్కడానికి నాలుగు రోజులు పట్టింది. దిగి వస్తుంటే ఓడ కెప్టెన్ నా కాళ్ల మీద పడ్డాడు, అయ్యా, ఓడ కదలట్లేదు, పంపు మీరే ఎంచి పెట్టాలి అని. ఓడ పక్కకి చెవి ఆనించి, నీది మీట వంకర రకం, పో, అన్నా. వాడు ఆ ఆనందంలో నన్ను ఎక్కించుకుని పదిహేడు దేశాలు తిప్పాడు. ప్రతి దేశంలోనూ పంపులు చూడటం, కాదని పారేయడం. చివరికి ఈ కారు చేసిన ఫ్యాక్టరీయే దొరికింది, మూతపడి ఇరవై ఏళ్లు. గేటు దగ్గర ఒక ముసలాయన, తెల్లటి గడ్డం, వచ్చావా నాయనా, నీకోసమే ఒకటి దాచిపెట్టా అన్నాడు.

"పద్నాలుగు ఆదివారాలూ ఇక్కడే ఉన్నావు, పదిహేడు దేశాలు ఎప్పుడు తిరిగావయ్యా?"

మధ్యలో సోమవారాలు లేవా టైలరూ? లెక్కలడక్కు, విను. ఆ పంపుని ఏమనుకున్నావు. జేబులో వేసుకుంటే దానంతటదే కొట్టుకుంటోంది. ఓడ ఇంజిన్ ఆపేసి దాన్ని నీళ్లలో ముంచితే ఓడ నడిచింది. దారిలో ఒక ఊరి గడియారం ఎప్పుడో ఆగిపోయి ఉంటే దాని కింద నిలబడ్డా, గంటలు కొట్టింది. అసలా పంపు దగ్గరికి తీసుకెళితే ఆగిపోయినది ఏదైనా మళ్లీ నడవాల్సిందే.

"ఏదైనానా?"

ఏదైనా అక్కా. ఏదైనా. కాకపోతే నేను ఆ బుధవారం ఓడ మీద ఉండిపోయా. ఒడ్డుకి ఇంకా సగం రోజు ప్రయాణం ఉంది. అన్నయ్య అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడట, వదిన నాలుగింటికి లేపితే లేవలేదు. నేను ఊళ్లో ఉండుంటే, పంపు చేతిలో పట్టుకుని ఉండుంటే, రెండు వీధులే కదా, చిటికెలో... ఏంటి బాబాయ్, గ్లాసు కింద పెట్టేశావు? అలా చూస్తావేం? ఏదైనా తేడా ఉంటే చెప్పు.

"ఒరేయ్, ఓడా లేదు, రేవూ లేదు. ఆ బుధవారం మధ్యాహ్నం నువ్వు నా కొట్లోనే ఉన్నావు. పాత పంపుల డబ్బా బోర్లించుకుని, వచ్చే ఆదివారానికి ఏది సరిపడదో ఏరుకుంటున్నావు. మార్కెట్ మలుపులో కారు ఆగిందే, ఆ మర్నాడే నా దగ్గరికొచ్చి ఇంజిన్ నంబరు చెప్పి సరైన పంపు కొనుక్కెళ్లావు. అది ఇప్పటికీ మీ ఇంట్లోనే ఉంది."

వినండర్రా, బాబాయ్ మీకు... సర్లే. ఉంది. బీరువా మీద, అట్టపెట్టెలో. సీలు కూడా తీయలేదు. టైలరూ, అలా చూడకు. మొదటి ఆదివారం దాన్నే సంచిలో వేసుకుని బయల్దేరా, ఆయన గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చి మార్చుకెళ్లా. కారు నడిస్తే వచ్చే ఆదివారం నేను ఏం పనుందని వెళ్లాలి? ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? తప్పయింది అనడం నాకు చేతకాదు, ఆయనకీ చేతకాదు. పంపు ఒక్కటే ఉంది మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి. ఇంకో నాలుగైదు వారాలు చూసి పెడదామనుకున్నా. ఆయన్ని మోసం చేశా బాబాయ్. ఆ వయసులో మనిషిని పద్నాలుగు సార్లు కారు కింద పడుకోబెట్టా. ఆయనకి తెలిస్తే ఏమనుకునేవాడో అని ఇరవై రెండు రోజులుగా నిద్ర లేదు నాకు.

"ఆయనకి తెలుసురా."

ఏంటి?

"రెండో వారమే వచ్చాడు నా దగ్గరికి. ఇంజిన్ నంబరు చీటీ మీద రాసుకొచ్చి, ఆ పంపే కావాలన్నాడు. నీ తమ్ముడు కొనుక్కెళ్లాడుగా అన్నా. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నేనొచ్చిన సంగతి వాడికి చెప్పకు, వాడడిగినవి ఇస్తూ ఉండు అన్నాడు. అదేంటయ్యా, చేతులు మసి చేసుకోవడం నీకు సరదానా అన్నా. లేదు బాబాయ్, వాడి కోతలు విని తొమ్మిదేళ్లయింది అన్నాడు."

నా కోతలా బాబాయ్?

"కళ్లు తుడుచుకో. టీ చల్లారిపోయింది, ఇంకోటి పొయ్యనా?"

వద్దక్కా. వేళెంతైంది, మూడా? నాలుగింటికి తుక్కువాడు వచ్చేస్తాడు. ముందు ఇంటికెళ్లి అది తీసుకోవాలి. వదినకి నేనే చెబుతా, అంతా ఉన్నదున్నట్టు చెబుతా. బాబాయ్, నీ పది నంబరు రెంచీ ఒకసారి ఇవ్వు.

"గంటలో అవుతుందా? పద్నాలుగు వారాలు పట్టిన పని."

రెండు బోల్టులు, రెండు గొట్టాలు. పావుగంట పని, టైలరూ.