గడ్డిపిచిక కూత

2006 జులైలో ఒక ఆదివారం పొద్దుట. దేవరాపల్లి అవతల మోకాలెత్తు గడ్డిలో ఇద్దరు: రిటైరైన సైన్సు టీచరు అంతోనమ్మ, ఆమెతో బళ్లో చదివిన చెరుకు రైతు గంగాభవాని.

“ఒలే అంతోనమ్మా, ఇంకెంత దూరమే? నా సీర సగం ముళ్లకే ఇచ్చీసేను.”

“మెల్లగా మాట్లాడు భవానీ. బెదిరిపోతాయి.”

“ఏటి బెదిరిపోతాయి? గంట నుంచి ఒక్కటి కనపడితే కదా! పిచిక కోసం అనకాపల్లి నుంచి బస్సెక్కొచ్చేవు. మా పెరట్లో కూకుంటే పాతిక సూపిద్దును.”

“అవి ఊరపిచికలు. ఇది గడ్డిపిచిక. ఈ చుట్టుపక్కల లేనే లేదని పోయిన నెల మా పిట్టలు చూసేవాళ్ల మీటింగులో కుర్రాళ్లు తేల్చేసేరు. నేను చూసేనంటే నవ్వేరు.”

“సూసేవా నిజంగా?”

“ఇక్కడే. మొన్న శుక్రవారం కూడా చూసేను.”

“సూసీసేక మళ్లీ ఏటికి?”

“చూస్తే చాలదే. దీన్లాంటిదే ఇంకో రకం వుంది. రంగు ఒకటే. కూత వింటే గాని రూఢిగా చెప్పలేం.”

“మొన్న కూయలేదేటి?”

“నీళ్లు తాగుతావా?”

“నీళ్లొద్దు. ఈయేళ ఆదివారం గదా, మీ గుడిలో పూజ ఎగ్గొట్టేవా?”

“నాకు జొరమని ఫాదర్ గారికి కబురెట్టేను.”

“ఓలమ్మో! పిచిక కోసం దేవుడి కాడ అబద్దం!”

“అబద్దమాడింది ఫాదర్ గారితో, దేవుడితో కాదు. పిచికల్ని చేసినాయన, వాటిని చూడ్డానికెళితే కోప్పడతాడా?”

“నాకు కాకీ కోడీ తప్ప ఏటీ తెలీదు. ఆ కుర్రోళ్లలో ఒకణ్ణి తెచ్చుకోక నన్నేటికి లాక్కొచ్చేవే?”

“తోడుకి.”

“సిన్నప్పుడు లెక్కల పరీచ్చకీ ఇలాగే తోడు రమ్మన్నావు. నా పేపర్ సూసి రాసీసేవు.”

“రాసి ఫెయిలయ్యేను. ష్! అదిగో, ఆ ఎండుపుల్ల మీద. బైనాక్యులర్ పట్టుకో.”

“ఏదే… ఆ! ఇంతేనా? ఈ ఉసిరికాయంత దాని కోసమా నా సీర…”

“నోరు ముయ్యి. గొంతు చూడు, ఉబ్బుతంది. కూస్తంది!”

“అవునే! మిషను కుట్టినట్టు టిక్కు టిక్కు టిక్కు. సివర్న సుయ్యిమని పోపేసినట్టు.”

“టిక్కులెన్ని?”

“మూడు. ఇదిగో మళ్లీ. మూడే. పోపు… ఎగిరిపోనాది.”

“మూడు! అయితే అదే. అదేనే భవానీ!”

“ఏడుత్తావేటే ఎర్రిదానా? పుస్తకంలో రాసుకో. కుర్రోళ్ల మొకాన పడెయ్.”

“రాస్తన్నాను. విన్నవారు, గంగాభవాని.”

“నా పేరేటికి? ఎతికింది నువ్వు, సూపింది నువ్వు. పక్కనే వున్నావు, నువ్వూ ఇన్నావు గదా?”

“లేదే. నీ కేకలే వినబడ్డాయి. పిట్టల కూతలు నాకు వినబడ్డం మానేసి రెండేళ్లయింది. ఎవరితోనూ అనకు గాని, అదెలా కూసిందో ఇంకోసారి కూసి వినిపించవే.”