గాలి అక్కర్లేని పురుగులు

"పంపు బావా! ఓ పంపు బావా! బ్లోయరు బోల్టులు ఇప్పుడే విప్పేయమంటావా, నీ కథ అయ్యేదాకా ఆగమంటావా?"

పాత ఇనుము కొనే తాత రోడ్డవతల లారీల షెడ్డు నుంచి కేకేస్తే టీకొట్టు బల్లల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. తాతకి డెబ్భై దాటి ఉంటాయి, బావకి ముప్పై కూడా నిండలేదు. అయినా బావే. అసలు వరసకి అతను నాకొక్కదానికే బావ, మా మేనత్త కొడుకు. ఆ షెడ్డులోనే నేను సీటు కవర్లు కుడతాను. బావ వెనక తొట్టి దగ్గర పంపు చూసుకుంటాడు. నేను పిలిచే పిలుపు విని వీధంతా దాన్నే పట్టుకుంది. మొదట్లో నాకు కోపం వచ్చేది. నా పెట్టెలో దాచుకున్నదేదో అందరికీ పంచిపెట్టేసినట్టు ఉండేది.

"ఆగు తాతా, ఇనుము లేచి పారిపోదులే" అని బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే ఇప్పట్లో లేవడని అర్థం.

ఎదురుగా షెడ్డు ఓనరు గారు తాళంచెవులు వేలికి తగిలించుకుని తిప్పుకుంటున్నారు. బ్లోయరు అమ్మేద్దామన్నది ఆయనే. ఆయన చేత అనిపించింది మాత్రం బావ మాటలే. లారీలు కడిగిన నీళ్ళు డీజిలూ గ్రీజూ కలుపుకుని మా తొట్టిలోకి వస్తాయి. తొట్టిలో కంటికి కనపడనంత చిన్న పురుగులు ఉంటాయి, ఆ జిడ్డు తినడమే వాటి పని. వాటికి గాలి ఊదే యంత్రం బ్లోయరు. అది కరెంటు మింగేస్తోందని ఓనరు గారు రోజూ గోల పెడుతుంటే, గాలి లేకపోయినా నా పురుగులు తింటాయండీ అని బావ ఒకరోజు దాన్ని ఆపేశాడు. అయినా నీళ్ళు తేటగానే వస్తున్నాయి. ఇంక ఈ యంత్రం ఎందుకని, ఇవాళ తాత బండి తోసుకుంటూ వచ్చాడు.

"మొదట చాలా చిన్న సంగతండీ" అని మొదలుపెట్టాడు బావ. "స్విచ్చి ఆపేసి తొట్టి గట్టు మీద కూర్చుని వాటితో మాట్లాడాను. చూడండమ్మా, ఇన్నాళ్ళూ ఓనరు గారి ఖర్చుతో ఊపిరి పీల్చారు, ఇవాళ్టి నుంచి ఎవరి ఊపిరి వాళ్ళు చూసుకోండి అన్నాను. గదమాయించలేదు, బుజ్జగించే చెప్పాను. కాసేపు అలిగాయి, నురగ కక్కాయి..."

"పురుగులు అలిగితే నీకెలా తెలిసిందయ్యా?" అంది టీ పిన్ని, గిన్నెలో గరిటె తిప్పుతూ.

"పాలు పొంగబోతున్నాయని నీకెలా తెలుస్తుంది పిన్నీ? ఇదీ అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికల్లా నీళ్ళు తేట! ఎప్పుడో పడిపోయిన నా స్పానరు అడుగున కనిపించింది. తీసి చూస్తే గ్రీజు లేదు సరే, తుప్పు కూడా లేదు. అందులో మొహం చూసుకుని తల దువ్వుకున్నాను."

"అంతేనా?" అన్నాడు బల్ల చివర కూర్చున్న డ్రైవరు.

"అక్కడితో ఆగితే అవి నా పురుగులెందుకవుతాయి? తొట్టిలో తిండి అయిపోయింది. గట్టెక్కాయి, షెడ్డులోకి వచ్చాయి, నేల మీద మా ఓనరు గారి నాన్నగారి కాలం నాటి ఆయిలు మరకలు నాకేశాయి, అక్కడున్న లారీ టైరెక్కి, చక్రం మీంచి పాకి, మూత సందులోంచి దూరి, ట్యాంకులో డీజిలు..."

"ఒరేయ్! మొన్న నా బండి దారిలో ఆగిపోయింది అందుకా!"

"మరి? నువ్వేమో క్లీనరుని తిట్టావు. పాపం వాడు."

డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. సీటు కవరు చేత్తో పట్టుకుని పిన్ని పక్కన కూర్చున్న నేను నవ్వలేదు. రోడ్డవతల తాత స్పానర్లన్నీ గోనెసంచి మీద వరసగా పరుచుకుంటున్నాడు.

"తిన్న బలం ఊరికే పోతుందా చెప్పండి" బావ గొంతు పెంచాడు. "అంత తిన్నాయి, కూర్చోలేక పంపు రెక్కలు పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. నా పంపు ఆగలేదు! ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. ఆగలేదు! ఇదేంట్రా అని మీటరు దగ్గరికి వెళ్ళి చూస్తే, అది వెనక్కి తిరుగుతోంది."

ఓనరు గారి చేతిలో తాళాలు ఆగాయి. "వెనక్కా? మరి నువ్వు చెప్పినంతగా బిల్లు తగ్గలేదేమిటోయ్?"

"ఎలా తగ్గుతుందండీ? వెనక్కి తిరిగిన ఊపుకి సున్నా దాటిపోయి, అవతల నుంచి మళ్ళీ పైకొచ్చేసింది."

అందరూ విరగబడి నవ్వారు. నేను తల దించుకుని, చేతిలో ఉన్న సీటు కవరు అంచు మడతపెట్టి, మళ్ళీ విప్పాను. ఆ బిల్లు ఎందుకు తగ్గలేదో నాకు తెలుసు.

బ్లోయరు ఆపేసిన రోజే తొట్టి నల్లబడింది. నా కుట్టు మిషను ఆ పక్క కిటికీ దగ్గరే, కుళ్ళిన వాసనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అప్పటికే బావ టీకొట్టులో అందరి ముందూ గొప్పలు చెప్పేశాడు. పురుగుల డబ్బా తెచ్చి తొట్టిలో కలిపిన రోజు ఆ డబ్బా కంపెనీ మేడమ్ చెప్పిన మాట నాకు గుర్తుంది. గాలి ఉంటేనే ఆ జిడ్డు వాటికి ఒంటబడుతుందట. గాలి లేకపోతే దాన్ని నమలడానికి పట్టే ఓపికా, తిన్నాక వచ్చే ఓపికా ఇంచుమించు ఒకటేనట. ఇంక ఏం మిగులుతుందని తింటాయి పాపం? అందుకని బావ టీకి వెళ్ళగానే నేను వెళ్ళి బ్లోయరు వేసేదాన్ని. అతని కథలు ఎంతసేపు సాగితే అంతసేపు గాలి ఆడేది. పక్కనే టైర్లకి గాలి కొట్టే కంప్రెసరు మోతలో ఎవరికీ వినపడేది కాదు. నల్లటి నీళ్ళ కిందనుంచి బుడగలు ముత్యాల పేటల్లా పైకి వస్తుంటే చూస్తూ నిలబడిపోయేదాన్ని. బావ రోడ్డు దాటి రావడం కనపడగానే ఆపేసి మిషను దగ్గరికి పరుగెత్తేదాన్ని. అతను తొట్టిలోకి చూసి, "చూశావుటే, నా మాట వింటున్నాయి!" అనేవాడు. అప్పుడు అతని మొహం చూడాలి.

ఇవాళ తాత ఆ యంత్రం పట్టుకుపోతే తొట్టి చస్తుంది. నల్లనీళ్ళు కాలవలో పడి పక్క వీధి పూలతోటకి చేరతాయి. వాళ్ళు వచ్చి గొడవపెడితే ముందు పోయేది బావ ఉద్యోగమే. చెబితేనా, ఇంతమంది ముందు బావ మాట పోతుంది. ఆ తర్వాత అతను నాతో మాట్లాడతాడా?

బావ ఇంకా ఆగలేదు. "అసలు విడ్డూరం వినండి! వాన పడ్డాక రోడ్డు మీద నీళ్ళలో డీజిలు తేలి రంగురంగులుగా మెరుస్తుంది చూడండి, అది వాటికి మిఠాయి. వీధిలో ఆ రంగులన్నీ తినేశాయి. ఎండ కాసింది, నీళ్ళు ఆవిరైనాయి, ఆవిరితో పాటు ఇవీ మబ్బెక్కాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు వాన వెలిసి ఇంద్రధనుస్సు వచ్చింది. తెల్లగా! సున్నం కొట్టినట్టు! ఒక్క రంగు మిగల్చలేదు!"

"నేనిక్కడే ఉన్నాను, నాకు కనపళ్ళేదే?" అంది పిన్ని.

"తెల్లమబ్బు మీద తెల్ల ధనుస్సు. నీకెలా కనపడుతుంది పిన్నీ?"

ఓనరు గారు కూడా నవ్వేసి లేచి నిలబడ్డారు. "సరేలేవోయ్, ఆకాశం సంగతి నాకెందుకు, నా నీళ్ళు తేటగా ఉన్నాయి, చాలు. తాతా, విప్పెయ్!"

తాత స్పానరు బిగించి తిప్పాడు. బోల్టు కిర్రుమంది. బావ గర్వంగా చుట్టూ చూసి, "ఇంకా ఎవరికైనా అనుమానముందా?" అన్నాడు.

"బావా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "దాన్ని తీసేస్తే అవి చచ్చిపోతాయి."

"నీకెవరు చెప్పారే? ఇన్నాళ్ళూ గాలి లేకుండా బతకలేదూ?"

"బతకలేదు. నువ్విక్కడ కూర్చున్నంతసేపూ అక్కడ బ్లోయరు నేనే వేస్తున్నాను. నువ్వు లేచి వచ్చేముందు ఆపేస్తున్నాను."

డ్రైవరు బల్ల చరిచి నవ్వాడు. "అయితే ఇంద్రధనుస్సుకి సున్నం కొట్టింది మీ మరదలన్నమాట!" పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓనరు గారు నన్నోసారి, బావనోసారి చూశారు.

"ఇంతకీ విప్పాలా, బిగించాలా?" అరిచాడు తాత.

"బిగించు" అన్నారు ఓనరు గారు. "బిగించి స్విచ్చి వెయ్యి."

బావ నవ్వలేదు, కోప్పడలేదు. చల్లారిపోయిన టీ వైపు చూస్తున్నాడు. తర్వాత, కథ చెప్పే గొంతుతో కాకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతో అడిగాడు.

"ఎందుకు చేశావే ఇలా?"

"నువ్వు చెప్పింది అబద్ధమైతే వీళ్ళంతా నవ్వుతారని. నిన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు బాగుండదు బావా. నువ్వంటే నాకిష్టం."