ఒకే రకం జత

ఆత్మకూరు బస్టాండు ఎదుట, అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపిన డీటీపీ సెంటర్. పంపకాలయ్యాక కలిగిరిలో వేరే షాపు పెట్టుకున్న తమ్ముడు ఇవాళే మళ్లీ గడప తొక్కాడు.

"నీ కంప్యూటర్ ఆన్ అవుతుండాదా, అన్నా?"

"ఒక్క మెమరీ చిప్పుతో ఎట్టా అవుతాదిరా? మన రెండూ పాత మోడలువి, ఒకే రకంవి రెండుంటేనే లేస్తాయి. నీ కొత్త షాపులో దానికని నువ్వొకటి పీక్కొనిపోతివి కదా."

"అన్నీ సగం సగమని పెద్దమనుషులే అన్నారు."

"వాళ్లకేం తెలుసు? నీకు తెలుసు కదా."

"నెల్లూరులో ఇంకోటి కొని జత చేసినాను. కంపెనీ వేరంట. బీప్ బీప్‌మని అరస్తాది, స్క్రీన్ రాదు."

"నేనూ అదే చేసినాను. నాదీ అంతే."

"ఆదివారానికి నాయన పోయి ఏడాది. చర్చిలో కూటానికి కార్డులు కొట్టాల."

"తెలుసు."

"నా మెమరీ జేబులోనే ఉండాది. పాతవి రెండూ ఒకదాంట్లో పెడితే పనైపోతాది."

"ఎవరి దాంట్లో?"

తమ్ముడు జేబు మీద చెయ్యేసుకుని, మూత విప్పి ఉన్న అన్న కంప్యూటర్ దగ్గర్నించి గడప వైపు జరిగాడు.

"కలిగిరి బస్సు వచ్చినట్టుండాది. పోతుండా."

"పో. కార్డులు పక్క షాపులో కొట్టిస్తాలే. సగం నీకు పంపిస్తా."