గోడకు ఆ పక్క

అరవదేశపు కోవిల్‌పట్టిలో కొత్తగా కట్టిన సినిమా హాల్లో మా ముందు వరుసలో ఒక ముసలి జంట కూర్చుంది. తెరమీద హీరో హీరోయిన్‌ని చెంపమీద కొట్టాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ముందున్న ముసలాయన మా ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనే పెళ్ళాన్ని అడిగాడు.

"ఏమే, మెత్తని కుర్చీలో ఏల అట్ల కదులుతుండావు?"

"ఇంటికి పోదామయ్యా. ఆ కాలపు టెంటు సినిమా కొట్టాయే బాగుండె."

"ఇసకలో కూర్చునేది బాగుండెనా? నడాన గోడ కట్టి నిన్ను ఆ పక్క, నన్ను ఈ పక్క కూర్చోబెడుతుండ్రి. నీ పక్కన కూర్చుని సినిమా చూడాలని నాకెంత ఆశో!"

"నాకు ఆ గోడే కావాలయ్యా. ఆ పక్కంతా ఆడోళ్ళమే. హీరో ఇట్ల కొడితే ఊరుకుంటిమా? 'నీ చెయ్యి ఇరిగిపోను' అని అందరమూ మన మాటలోనే తిడితిమి."

"ఆ అరుపుల్లో నీ గొంతు నాకు తెలుస్తుండె. 'ఎవురి పెండ్లామప్పా అది' అని మా పక్క మొగోళ్ళు నవ్వుతుండ్రి."

"నువ్వేమంటివి?"

"నాకు తెలీదంటి."

"దొంగ మొగుడివి!"

"ఇప్పుడు తిట్టు. నేను వింటాను."

"ఒక్కదాన్నే ఎట్ల తిట్టేది? చుట్టూరా అరవమోళ్ళు. మనింట్లో పిల్లోళ్ళే ఈ మాట మాట్లాడరు. ఇంక నాతో కూడి తిట్టేదానికి ఎవురుండారు?"

తెరమీద హీరో మళ్ళీ చెయ్యెత్తాడు. పెళ్ళైనప్పటినుంచీ సినిమా హాల్లో నా పక్కన నోరు విప్పని మా ఇంటిది ముందుకు వంగింది.

"మొదలుపెట్టక్కా. నేనుండాను."